సిమ్యులేటర్ మీద పాసయ్యాకే పేషెంట్ కంటికి చెయ్యి పెట్టాలా?

కృష్ణాతీరం:

మా అమ్మకు 71 ఏళ్ళు. పోయిన కార్తీకంలో కుడి కంటికి శుక్లం ఆపరేషన్ చేయించాం. టీచింగ్ ఆసుపత్రి. పేరు చెప్పను, గొడవ పెట్టుకోవాలని లేదు. ఇరవై నిమిషాల పని అన్నారు. గంటన్నర దాటినా మనిషి బయటికి రాలేదు. వచ్చాక ఒకాయన "లెన్స్ వెనక ఉండే పలచని పొర చిరిగింది, కొత్త లెన్స్ ఇవాళ పెట్టలేదు, నెల తర్వాత పెడతాం" అని చెప్పి వెళ్ళిపోయాడు. నెల తర్వాత పెట్టారు. ఇప్పుడు అమ్మ పేపర్ చదువుతోంది, అక్కడికి సంతోషమే.

కానీ ఆపరేషన్ చేసింది రెండో ఏడు పీజీ అమ్మాయి అని డిశ్చార్జ్ కాగితం చూశాకే తెలిసింది. ముందు ఎవరూ ఒక్క మాట చెప్పలేదు. అమ్మ అయితే బల్ల మీద ఉండగానే విన్నదట, "మేడమ్, మేడమ్, జెల్లీ వస్తోంది" అని. పొర చిరిగితే కంటి లోపలి జెల్లీ ముందుకొస్తుందట. కంటికే కదా మత్తు, చెవులకు కాదు. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ రాత్రిళ్ళు లేచి కూర్చుంటుంది.

పైలట్‌ను సిమ్యులేటర్‌లో కూర్చోబెట్టి పరీక్ష పెట్టకుండా విమానం ఇవ్వరు. కంటికి ఆ రూల్ ఎందుకు లేదు? సిమ్యులేటర్ మీద పాసైతేనే మొదటి కేసు అని చట్టం ఉండాలని నా అభిప్రాయం. ఇక్కడ డాక్టర్లు ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను.

బగ్_ఫిక్సర్:

నేను డాక్టర్‌ను కాదు, కోడ్ రాసుకునేవాణ్ణి. మా నాన్నగారి కంటి ఆపరేషన్ అప్పుడు టెన్షన్‌తో నాలుగు రిసెర్చ్ పేపర్లు చదివాను. అందులో ఒకటి 2021లో జామా ఆప్తాల్మాలజీలో వచ్చింది. కెన్యా, టాంజానియా, ఉగాండా, జింబాబ్వే దేశాల్లో కళ్ళ డాక్టరీ నేర్చుకుంటున్న 50 మందిని లాటరీ తీసినట్టు రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు ఐదు రోజులు కృత్రిమ కళ్ళ మీద గట్టిగా సాధన చేయించారు. రెండో జట్టు మామూలుగానే నేర్చుకుంది, వాళ్ళకు ఆ కోర్సు ఏడాది తర్వాత ఇచ్చారు.

ఆ ఏడాదిలో చేసిన ఆపరేషన్లలో వెనక పొర చిరిగినవి సాధన చేసిన జట్టులో 7.8 శాతం, మామూలు జట్టులో 26.6 శాతం. రెండో జట్టులో నాలుగు కళ్ళలో ఒకటి! అదీ మన దగ్గర క్యాంపుల్లో చేసే చిన్న కోత ఆపరేషనే. ఇంకా చర్చ ఎందుకండీ? రూల్ పెట్టేయడమే.

పాత_కత్తి:

జనరల్ సర్జన్‌ను, రిటైరయ్యాను. ముందు ఆ పైలట్ పోలిక పక్కన పెట్టండి. ఒక రకం విమానాలన్నీ ఒకే అచ్చులో పోసినవి. మనుషుల లోపలి భాగాలు అలా ఉండవు.

నా రంగంలోంచి ఒకటి చెప్తాను. గాల్‌బ్లాడర్‌ను లాప్రోస్కోపీలో, అంటే పొట్టకు చిన్న కన్నాలు పెట్టి, తీసేటప్పుడు అసలు పైత్యరస నాళం తెగిపోవడం మాకు పీడకల. అలా తెగిన 252 కేసులను కూర్చోబెట్టి విశ్లేషించిన పేపర్ 2003లో ఆనల్స్ ఆఫ్ సర్జరీలో వచ్చింది. 97 శాతం కేసుల్లో కారణం చేతి పొరపాటు కాదు, కంటి భ్రమ. సర్జన్ ఈ గొట్టాన్ని ఆ గొట్టం అనుకున్నాడు. అనుకున్న దాన్ని చాలా చక్కగా, ఏ వణుకూ లేకుండా కోశాడు! ఇక చేతి పని పరీక్ష పెట్టి ఏం ఉపయోగం? బొమ్మలో ప్రతి గొట్టం పుస్తకంలో ఉన్నచోటే ఉంటుంది. మంట పుట్టి, వాచి, అంతా అతుక్కుపోయిన గాల్‌బ్లాడర్‌లో అలా ఉండదు.

నేను 1979లో మొదటి హెర్నియా చేసినప్పుడు మా చీఫ్ ఎదురుగా నిలబడ్డారు. తప్పు చోట కత్తెర పెట్టబోతే ఫోర్సెప్స్‌తో వేళ్ళ మీద ఒకటి వేశారు. అదే నా సిమ్యులేటర్. సీనియర్ పక్కన ఉంటే చాలు.

మూడో_ఏడు_పీజీ:

కృష్ణాతీరం గారూ, మీ అమ్మగారి విషయం చదివి నాకు కడుపులో తిప్పింది. నా ఏడో కేసులో ఇదే జరిగింది. నా తప్పే. ఆ పొర వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. సింకో క్యాన్యులా అనే సన్నని పీల్చే గొట్టంతో మిగిలిన గుజ్జు లాగుతుంటే రంధ్రం ముందు పొర పట్టుబడింది. సన్నని గీతలు, నక్షత్రంలాగా, కనిపిస్తాయి. కనిపించగానే పీల్చడం ఆపి, పట్టింది వదిలెయ్యాలి. నేను భయంతో వెనక్కి లాగాను.

ఇప్పుడు సాధన సంగతి. 2019లో కొత్త కరిక్యులం వచ్చాక ప్రతి మెడికల్ కాలేజీలో స్కిల్ ల్యాబ్ ఉండాలి. మా దగ్గరా ఉంది. తాళం కూడా ఉంది. ఇన్‌స్పెక్షన్‌కు తీస్తారు. అందుకే మేం ముగ్గురం ఆదివారం పొద్దున్నే మటన్ కొట్టుకు వెళ్తాం, భాయ్ కవర్లో పది మేక కళ్ళు వేసి ఇస్తాడు. థర్మోకోల్ ముక్కకు గుండుసూదులు గుచ్చి కన్ను నిలబెడతాం. మధ్యాహ్నానికి పైపొర తెల్లబడిపోతుంది, అప్పటిదాకానే టైమ్. టన్నెల్, అంటే కంటి తెల్లగుడ్డులో సొరంగంలాంటి కోత, కొయ్యడం అయితే ఆపిల్ తొక్క మీద కూడా నేర్చుకోవచ్చు. బ్లేడు మరీ లోతుకు పోతే కనపడదు, మరీ పైకి వస్తే తొక్క చిరుగుతుంది. కానీ మేకకు శుక్లం ఉండదండీ. దాని లెన్స్ మెత్తగా ఉంటుంది. డెబ్బై ఏళ్ళ మనిషి కంట్లోంచి గోధుమరంగు రాయిలాంటి న్యూక్లియస్ (లెన్స్ నడిమి గట్టి గడ్డ) బయటికి తియ్యడం మేక నేర్పదు.

బగ్_ఫిక్సర్ గారు ఆ ఆఫ్రికా పేపర్లో ఒక లైన్ వదిలేశారు. ఆ ఏడాదిలో సాధన చేసినవాళ్ళకు సగటున ఇరవై పైచిలుకు ఆపరేషన్లు దొరికాయి. రెండో జట్టుకు ఎనిమిదో తొమ్మిదో. ఎందుకంటారు? చెయ్యి కుదిరిన పిల్లలకే సీనియర్లు కేసు ఇస్తారు. మా డిపార్ట్‌మెంట్‌లోనూ అంతే.

బగ్_ఫిక్సర్:

ఆ లైన్ చూశాను, పట్టించుకోలేదు. ఒప్పుకుంటున్నాను. అయితే పొర చిరగడం తగ్గింది సాధన వల్లా, ఎక్కువ కేసులు చేసినందువల్లా?

మూడో_ఏడు_పీజీ:

రెండూ కలిసే ఉంటాయి. కానీ మూడు నెలలకే చేతి పని చూసి 40కి మార్కులు వేశారు. సాధన జట్టుకు మిగతావాళ్ళ కంటే 16.6 ఎక్కువ వచ్చాయి. ఇంకోటి కూడా చూడండి, మార్కులు పెరగడం వేరు, పాసవ్వడం వేరు! "పాసయ్యాకే" అని గీత గీస్తే ఆ గీత ఎక్కడ?

తెమ్స్‌దాటిన_తెనాలి:

ఇంగ్లండ్‌లో కళ్ళ డాక్టర్‌ను. ఇక్కడ కంటి లోపలి సర్జరీ మొదలుపెట్టే ముందు కళ్ళ డాక్టర్ల రాయల్ కాలేజీ వారి మైక్రోసర్జరీ కోర్సు చెయ్యాల్సిందే. ఈ దేశంలో మొదటి, రెండో ఏడు ట్రెయినీలు 265 మంది చేసిన 17,831 ఆపరేషన్ల లెక్క 2020లో అచ్చయింది. 2009 నుంచి 2015 దాకా చేసిన కేసులవి. ఐసీ (Eyesi) అనే సిమ్యులేటర్ యంత్రం వాడగలిగినవాళ్ళలో పొర చిరగడం 2009లో 4.2 శాతం ఉంటే 2015కు 2.6కు దిగింది. ఇది లాటరీ తీసి చేసిన ప్రయోగం కాదు, ఆ ఏళ్ళలో మిగతావి కూడా మారి ఉంటాయి. ఆ మాట దాచను.

నా అనుభవంలో యంత్రం నేర్పేది ఒకటి. మైక్రోస్కోప్ కింద రెండు చేతులు, రెండు పాదాలు నాలుగు వేర్వేరు పనులు చెయ్యాలి. ఒక పెడల్ ఫోకస్‌ది, ఇంకోటి శుక్లాన్ని పీల్చే మెషీన్‌ది. మొదటి రోజు నేను ఫోకస్ అనుకుని రెండోది తొక్కాను. అది యంత్రంలోనే జరిగింది కాబట్టి ఇవాళ నవ్వుకుంటూ రాస్తున్నాను. ఈ తప్పులు చెయ్యడానికి మనిషి కన్ను అక్కర్లేదు. పాత_కత్తి గారు చెప్పిన "చూపు" మాత్రం యంత్రం ఇవ్వదు. అందులో ఆయనతో పేచీ లేదు.

పాత_కత్తి:

సంతోషం. అయితే నా మాటే నిలిచింది.

ఓటీ_సిస్టర్:

నిలవలేదు సార్. ఇరవై రెండేళ్ళుగా ఐ థియేటర్లో పని చేస్తున్నాను, నన్ను కూడా చెప్పనివ్వండి.

"సీనియర్ పక్కన ఉంటే చాలు" అన్నారు. పక్కన అంటే ఎక్కడ సార్? మా దగ్గర ఒకే గదిలో రెండు బల్లలు ఉంటాయి. పీజీ ఒక దాని మీద, సీనియర్ రెండో దాని మీద సొంత కేసు చేసుకుంటూ ఉంటారు. లిస్టులో ముప్పై పేర్లు, బయట వీల్‌చెయిర్లు బారులు. పీజీ "మేడమ్" అని పిలిస్తే మేడమ్ తన కేసులో గ్లోవ్స్‌తో ఉంటారు, సగంలో వదిలి రాలేరు. "ఏం ముట్టుకోకు, అలాగే ఉండు" అంటారు. ఆ రెండు నిమిషాలు ఆ పిల్ల చేతులు చూడాలి. కాగితం మీద మాత్రం సీనియర్ పక్కనే ఉన్నట్టు.

మైక్రోస్కోప్‌కు రెండో కళ్ళజోడు ఉంటుంది, అసిస్టెంట్ స్కోప్. సీనియర్ అందులో కళ్ళు పెట్టి కూర్చుంటే, అప్పుడే పక్కన ఉన్నట్టు. మా దగ్గర ఒక మైక్రోస్కోప్‌కు అది విప్పి బీరువాలో పెట్టారు, అడ్డం వస్తోందని.

కృష్ణాతీరం గారి అమ్మగారు విన్న "మేడమ్, మేడమ్" నేను ఎన్నిసార్లు విన్నానో.

పాత_కత్తి:

సిస్టర్, ఆ మాట కొట్టిపారెయ్యలేను.

నిజం చెప్పాలంటే మా తరం చేసిందీ తక్కువ కాదు. 1990లో బొంబాయిలో డాక్టర్ ఉద్వాడియా మన దేశంలో మొదటి లాప్రోస్కోపిక్ గాల్‌బ్లాడర్ చేశారు. తర్వాత నాలుగైదేళ్ళలో ఊరూరా అది రావాలన్నారు. మాలో చాలామంది రెండు రోజుల వర్క్‌షాప్‌కు వెళ్ళొచ్చి, తర్వాతి వారం పేషెంట్‌కు చేశాం. అప్పుడు మాకు సీనియర్ ఎవరు? ఎవరూ లేరు. నేను ఇంట్లో టీవీ అట్టపెట్టెకు మూడు కన్నాలు పొడిచి, లోపల లైటు పెట్టి, గ్రాస్పర్ (పట్టుకునే పరికరం)తో చింతగింజలు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి వేసేవాణ్ణి. మా ఆవిడ నవ్వేది. ఇప్పుడు అమెరికాలో సర్జరీ బోర్డు పరీక్షకు ముందు లాప్రోస్కోపీ టెస్టు ఒకటి పాసవ్వాలి. అందులో మొదటి పని అదే, చింతగింజల బదులు రబ్బరు ముక్కలు. కాబట్టి సాధన వద్దనడం లేదు. పరీక్ష పాసైన కాగితం చూపించి సీనియర్ టీ తాగడానికి వెళ్ళిపోతాడేమోనని నా భయం.

బగ్_ఫిక్సర్:

సార్, మరి సీనియర్లకు పరీక్ష ఎవరు పెడతారు? అమెరికాలోని మిషిగన్‌లో 20 మంది బేరియాట్రిక్ (బరువు తగ్గించే ఆపరేషన్లు చేసే) సర్జన్లు తలా ఒక ఆపరేషన్ వీడియో ఇచ్చారు, తోటి సర్జన్లు పేర్లు తెలియకుండా మార్కులు వేశారు. 2013లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వచ్చింది. మార్కుల్లో అడుగు పావు వంతు సర్జన్ల పేషెంట్లలో కాంప్లికేషన్లు 14.5 శాతం, పై పావు వంతువాళ్ళకు 5.2. వీళ్ళంతా పీజీలు కాదు, అనుభవం ఉన్నవాళ్ళే.

పాత_కత్తి:

దాని తరువాయి కూడా చదువు నాయనా. అదే మిషిగన్ సర్జన్ల పేషెంట్లను ఏడాది తర్వాత చూస్తే బరువు తగ్గడంలో చేతి మార్కులకూ దానికీ సంబంధం కనపడలేదు. 2016లో వచ్చింది. చెయ్యి బాగుంటే ఆ నెల బాగుంటుంది. ఎవరికి ఆపరేషన్ చెయ్యాలి, ఎవరికి వద్దు అన్నది వేరే విద్య. అయినా నా వీడియో ఇమ్మంటే ఇచ్చేవాణ్ణి. బహుశా.

కోర్టుపక్షి:

ఎవరూ అసలు సంగతికి రావడం లేదు. కృష్ణాతీరం గారి బాధలో సగం పొర చిరిగినందుకు, సగం చెప్పనందుకు. 2008లో సుప్రీంకోర్టు ఒక కేసులో తేల్చి చెప్పింది. పరీక్ష కోసం లాప్రోస్కోపీకి సంతకం పెట్టిన ఆవిడకు మత్తులో ఉండగానే గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ఒకదానికి ఇచ్చిన అనుమతి ఇంకోదానికి చెల్లదని, ముందే తగినంత సమాచారం ఇవ్వాలని కోర్టు చెప్పింది. ఎవరు కత్తి పట్టుకుంటారన్నది అందులో విషయం కాదు. కానీ నా మటుకు అదీ సమాచారమే.

మూడో_ఏడు_పీజీ:

చెప్తే ఎవరు ఒప్పుకుంటారండీ? "ఇది నా మూడో ఆపరేషన్" అంటే మీరు సంతకం పెడతారా? ఎవరూ పెట్టకపోతే పదేళ్ళ తర్వాత మీ కంటికి ఎవరు చేస్తారు?

కృష్ణాతీరం:

అమ్మా, నువ్వు ఎప్పుడైనా అడిగి చూశావా?

మూడో_ఏడు_పీజీ:

లేదు. అడగొద్దని ఎవరూ అనలేదు. అడగాలని కూడా ఎవరూ అనలేదు.

కృష్ణాతీరం:

ఈ థ్రెడ్ మొత్తం రాత్రి అమ్మకు చదివి వినిపించాను. మేక కళ్ళ దగ్గర నవ్వింది. ఎడమ కంటికి కూడా చేయించాలి, ఆలస్యం చేస్తున్నది నేనే. "ఆ పిల్లే చేసినా నాకేం అభ్యంతరం లేదురా, ఆ రెండో అద్దంలోంచి పెద్దావిడ చూస్తూ ఉండాలి, అంతే" అంది. సిమ్యులేటర్ రూల్ ఉండాలన్న మాట మీద నేను ఇంకా ఉన్నాను, కానీ చట్టం వచ్చేదాకా ఆ కన్ను ఆగదు.

పొద్దున ఆసుపత్రికి ఫోన్ చేసి అడిగాను, పీజీ చేస్తే సీనియర్ అసిస్టెంట్ స్కోప్‌లో కూర్చుంటారా అని. కౌన్సెలర్ అమ్మాయి "ఏ స్కోప్ సార్?" అంది. స్పెల్లింగ్ చెప్పాను. కనుక్కుని చేస్తానంది. ఇంకా చెయ్యలేదు.

ఓటీ_సిస్టర్:

ఫోన్‌లో చెప్పరు సార్. ఓపీకి వెళ్ళి యూనిట్ చీఫ్‌నే అడగండి. లిస్టు పొడుగ్గా ఉన్న రోజు మాత్రం డేటు తీసుకోకండి.