ఏసీ పైపు కారుతోంది: కొత్తది వేయించాలా, రబ్బరు మార్పిస్తే సరిపోతుందా?

కంకిపాడు కారు: ఏడేళ్ల హ్యాచ్‌బ్యాక్ మాది. కంప్రెసర్ నుంచి కండెన్సర్‌కి వెళ్లే పైపు బిగింపు దగ్గర నూనె మరక కనిపించింది, గ్యాస్ మొత్తం పోయింది. షోరూమ్‌లో కొత్త పైపు, డ్రయ్యర్ (ఏసీ లోపలి తేమ పీల్చే డబ్బా), గ్యాస్, లేబర్ కలిపి 11,800 అన్నారు. విజయవాడ ఆటోనగర్‌లో పాత అల్యూమినియం చివర్లు ఉంచి, రబ్బరు మార్చి, గ్యాస్‌తో సహా 3,200 అంటున్నారు. ఏం చేయమంటారు?

గేర్‌బాక్స్: కొత్తదే వేయించండి. టైర్లో గాలి ఒత్తిడి 33 పీఎస్ఐ. మే నెల ఎండలో ఈ పైపులో 250 దాటుతుంది. రోడ్డు పక్కోళ్లు నొక్కిన బిగింపు దానికి ఆగదు.

పాత బండి: నేను ఆటోనగర్‌లోనే మార్పించా. మూడేళ్లయింది, చల్లగానే ఉంది.

పానా: ఎందుకు ఆగదు గేర్‌బాక్స్ గారూ? కంపెనీ పైపుకైనా హైడ్రాలిక్ ప్రెస్‌లో నొక్కిన బిగింపే ఉంటుంది. లోపల నైలాన్ పొర ఉన్న ఏసీ రబ్బరు వాడితే చాలు. మామూలు రబ్బరైతే గ్యాస్ మెల్లగా ఊరిపోతుంది.

గేర్‌బాక్స్: నైలాన్ పొర ఉందో లేదో కస్టమర్ కోసి చూస్తాడా?

పానా: కోసేటప్పుడు చివర చూపించమంటే చూపిస్తారు. అడగాలి.

గేర్‌బాక్స్: అడిగా. మూడుసార్లు గ్యాస్ నింపారు. లోపలి గాలి, తేమ లాగేసే వాక్యూమ్ పెట్టలేదు, లీకు వెతకలేదు. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె కూడా పోతుందని ఒక్కరూ చెప్పలేదు. చివరికి కంప్రెసర్ పట్టేసింది, 24,000 వదిలింది. సూర్యాపేట దగ్గర మధ్యాహ్నం రెండింటికి, వెనక సీట్లో ఏడాది పాప. మీ లోకల్ పనితనం అదీ!

హైవే: గ్యాస్ తూకం వేసి ఎక్కించాలి. ఒత్తిడి చూపే గేజ్ చూసి కొడితే బయటి ఎండను బట్టి లెక్క తప్పుతుంది.

పానా: మా నాన్న 26 ఏళ్లు పైపులు నొక్కాడు. ఆయన కుడిచేతి బొటనవేలు ఇప్పటికీ సరిగా వంగదు. మీకు ఒక షాపువాడు అన్యాయం చేశాడు, నిజమే. దానికి అందరినీ రోడ్డు పక్కోళ్లు అంటారా? మా బావ కారుకి ఓరింగ్ (అతుకు దగ్గరుండే చిన్న రబ్బరు రింగు) ఒక్కటి పోతే షోరూమ్‌లో పైపుల సెట్టంతా మార్చారు. అది మోసం కాదా?

గేర్‌బాక్స్: ఆ మాట తప్పే, వెనక్కి తీసుకుంటున్నా. కానీ కంప్రెసర్ పోయాక ఆ షాపుకి వెళ్తే “ఎవరు చేశారో మాకేం తెలుసు” అన్నారు. నా చేతిలో ఒక్క కాగితం లేదు. షోరూమ్‌కి ఎక్కువ కట్టేది ఆ కాగితం కోసమే.

పానా: ఇది మొదటే చెప్పుంటే ఇంత దూరం వచ్చేది కాదండీ. నాన్న చీటీ మీదైనా తేదీ, చేసిన పని రాసి సంతకం పెట్టేవాడు. ఇవ్వని షాపులో నేనూ చేయించను.

కంకిపాడు కారు: ఇప్పుడే ఫోన్ చేశా. బిల్లు ఇస్తారట, ఆరు నెలల్లో అదే చోట కారితే ఊరికే చేస్తామన్నారు. గ్యాస్ పోయి సిస్టమ్ విప్పాక డ్రయ్యర్ తేమ పీల్చేస్తుంది కాబట్టి అదీ మార్చమన్నా, దానికి 900. మొత్తం 4,100. వాక్యూమ్ అరగంట పెడతారట, పక్కనే కూర్చుంటా.

గేర్‌బాక్స్: నేనైతే కొత్తదే వేయిస్తా. మీరు వెళ్తే మాత్రం ఆ ఆరు నెలల మాట బిల్లు మీద రాయించుకోండి.