నేను వద్దన్న విద్యార్థిని మా చీఫ్ సోలోకి (ఒంటరిగా విమానం నడపడానికి) పంపారు, ఇప్పుడేం చేయాలి?

అమలాపురం అమ్మాయి:
మాది అమలాపురం పక్కన పల్లె. వేరే రాష్ట్రంలో ఒక ఫ్లయింగ్ స్కూల్లో ఇన్‌స్ట్రక్టర్‌ని. సెలవు మీద ఇంటికి వచ్చాను. అమ్మ పనసపొట్టు కూర వండినా ముద్ద దిగడం లేదు.

నా దగ్గర ఒక కుర్రాడు సెస్నా 172 అనే చిన్న విమానం మీద నేర్చుకుంటున్నాడు. మన రాజోలు వైపువాడే, తండ్రి కొబ్బరితోట తాకట్టు పెట్టి ఫీజు కట్టారు. గాలిలో చక్కగా నడుపుతాడు. చిక్కంతా దిగేటప్పుడే. నేల దగ్గర ముక్కు కాస్త ఎక్కువగా ఎత్తుతాడు, విమానం మళ్లీ పైకి తేలుతుంది. అప్పుడు కంగారుపడి, విమానాన్ని నడిపే పిడి అయిన యోక్‌ను ముందుకు తోసేస్తాడు. అలా తోస్తే ముందు చక్రమే మొదట నేలను కొడుతుంది. అక్కడినుంచి విమానం కప్పలా గెంతడం మొదలుపెడుతుంది, చక్రం విరిగితే ప్రొపెల్లర్ రన్‌వేకి తగులుతుంది. తేలినప్పుడు చేయవలసింది పవర్ పెట్టి పైకి వెళ్లి మళ్లీ చుట్టి రావడం. ఆ పని నేను చెప్పకుండా చేసేదాకా వాణ్ణి ఒంటరిగా పంపనని శిక్షణ రికార్డులో రాశాను.

మా చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ అది చదివి, విద్యార్థులందరి ముందూ "ఈవిడకు అన్నీ భయాలే" అని నవ్వారు. నేను సెలవులో రాగానే వాణ్ణి సోలోకి పంపారు. క్షేమంగానే దిగాడట. ఇదివరకు అడ్డగాలి ఎక్కువగా ఉందని నేను రద్దుచేసిన సోలోనూ "విమానం పుస్తకంలో గాలివేగం 15 నాట్లు అని ఉంది కదా" అంటూ తిరగదోడారు. ఆ 15 నాట్లు కంపెనీ టెస్ట్ పైలట్ దిగి చూపించిన అంకె, నిన్నగాక మొన్న యోక్ పట్టినవాడిది కాదు. ఉద్యోగం మానేయాలా? విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏకి రాయాలా?

భీమవరం మాస్టారు:
ఏమీ అనుకోకండి. కుర్రాడు క్షేమంగా దిగాడంటే ఆయన అంచనాయే సరైనదేమో? పిల్లవాడు ఇంకా సిద్ధంగా లేడని గురువే పట్టుకు కూర్చోవడం మా కాలేజీలోనూ చూస్తుంటాను. పంపేముందు ఆయన వాడితో ఒకసారి ఎగిరి చూశారా, లేదా? ఆ సంగతి మీరు రాయలేదు.

అమలాపురం అమ్మాయి:
ఎగిరారట, ఒక్క సర్క్యూట్, అంటే పైకి లేచి ఒక చుట్టు తిరిగి దిగడం. తెల్లవారగానే, ఆకు కదలని వేళ. ఆ ఒక్కసారి విమానం తేలలేదు. తేలితే ఏం చేస్తాడన్నదే నా సందేహం కాబట్టి నా లెక్కలో అది పరీక్షే కాదు.

కాకినాడ కెప్టెన్ (రిటైర్డ్):
మాస్టారూ, క్షేమంగా దిగడం ఒక్కటే సాక్ష్యం కాదు. పెద్ద హోదాలో ఉన్నవారి అంచనా కూడా తప్పవచ్చు. 1977లో స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే దీవిలో రెండు జంబో జెట్లు రన్‌వే మీద ఢీకొని 583 మంది పోయారు. అనుమతి లేకుండా టేకాఫ్ మొదలుపెట్టిన డచ్ విమాన సంస్థ కేఎల్ఎం కెప్టెన్ ఆ సంస్థ శిక్షణ విభాగంలో పెద్ద. అవతలి విమానం రన్‌వే ఖాళీ చేయలేదా అని ఫ్లైట్ ఇంజనీర్ అడిగాడు. చేసిందని కెప్టెన్ గట్టిగా అనేసరికి ఊరుకున్నాడు.

అమ్మా, రాజీనామా మాట పక్కన పెట్టండి. "సిద్ధంగా లేడు" అని రాస్తే అది మీ అభిప్రాయమని కొట్టిపారేస్తారు. ఏ ల్యాండింగ్‌లో తేలింది, పవర్ ఎవరు పెట్టారు, మీరు కంట్రోల్ అందుకోవలసి వచ్చిందా, ఇవన్నీ ఏ రోజుకారోజు రాసి విద్యార్థి సంతకం తీసుకోండి. ఆపైన ఆయన్ని ఒంటరిగా కలిసి, "నా నిర్ణయం మార్చదలిస్తే ఎందుకు మారుస్తున్నారో రికార్డులో రాసి సంతకం చేయండి" అనండి. పెన్ను చేతికి వచ్చాక చాలామంది పెద్దలు ఆగి ఆలోచిస్తారు. అప్పటికీ కాకపోతే మీ స్కూలు సేఫ్టీ మేనేజరు, ఆ తర్వాతే డీజీసీఏ స్వచ్ఛంద నివేదిక.

పాత సరంగు:
విమానాల సంగతి నాకు తెలియదు తల్లీ. కోటిపల్లి, ముక్తేశ్వరం రేవుల మధ్య గోదావరి మీద పంటు (జనాన్ని, బళ్లను దాటించే పడవ) నడిపినవాణ్ణి. వరద ఎర్రనీరు వచ్చాక కూడా రేవు పాటదారు (వేలంలో రేవు పాడుకున్నవాడు) "అవతల పెళ్లివారు నిలబడ్డారు, ఒక్క ట్రిప్పు వేసిరా" అనేవాడు. కాదంటే పిరికివాడన్న పేరు. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకు ఇస్తారు. మాకు అంతకు ముందే ఆపవలసి వచ్చేది. అందుకని ఒక వేసవిలో, నీళ్లు అడుగంటినప్పుడు, పాటదారును పక్కన నిలబెట్టుకునే రేవు మెట్ల మీద రంగుతో గీత గీయించాం. ఆ ఏడు వరదకు నీరు గీత దాటగానే తాళ్లు కట్టేయమని ఆయనే కేకేశాడు. మీ చీఫ్ చేత కూడా ఏ కుర్రాడి పేరూ ఎత్తకుండా ముందే ఒక అంకె రాయించలేవా?

అమలాపురం అమ్మాయి:
రాయించవచ్చు సరంగు గారూ. సోలో విద్యార్థికి అడ్డగాలి పరిమితి అన్న చోట మా మాన్యువల్లో "ఇన్‌స్ట్రక్టర్ విచక్షణ" అని మాత్రమే ఉంది. కొత్త బ్యాచ్ రాకముందే అక్కడ అంకె వేయమని అడుగుతాను.

ఇంకొకటి. ఇది రాస్తుండగానే కుర్రాడు ఫోన్ చేశాడు. సోలో రోజున విమానం రెండుసార్లు గెంతిందట. చీఫ్ అప్పుడు ఫోన్లో మాట్లాడుతూ చూడలేదట. స్వీట్లు పంచుతుంటే చెప్పలేకపోయానని ఏడుస్తున్నాడు.

కాకినాడ కెప్టెన్ (రిటైర్డ్):
మిగతావన్నీ తర్వాత. ఆ విమానం ఇంకా ఎగురుతోందా? ముందు చక్రం గట్టిగా తగిలితే 172లో ఇంజన్ వెనుక ఫైర్‌వాల్ రేకు ముడతపడుతుంది, బయటికి కనిపించదు. ఇంజనీరు ఇంజన్ మీది మూత (కౌలింగ్) విప్పి చూసేదాకా దాన్ని ఎవరూ కదపకూడదు. కుర్రాడి చేతనే చెప్పించండి, మీరు లైన్లో ఉండండి.

అమలాపురం అమ్మాయి:
రేపు ఉదయం అదే విమానం మీద ఇంకొకరి సోలో ఉంది. ఇంజనీరు నంబరు కలుపుతున్నాను.