గుడ్డు లేని జొన్నపిండి పాన్‌కేక్ విరగకుండా రావాలంటే?

నమస్తే అండీ, మాది అనంతపురం. పిల్లలకు పాన్‌కేకులంటే ప్రాణం. మా అత్తగారు గుడ్డు తినరు, మామగారికి షుగర్. అందరూ కలిసి తినేలా జొన్నపిండి, గోధుమపిండి సగం సగం కలిపి, పుల్లమజ్జిగ, చిటికెడు వంటసోడా వేసి చేస్తున్నాను. పైన బుడగలు బాగానే వస్తాయి, అంచులు ఎర్రగా కాలుతాయి. తిరగేసేటప్పుడే నడిమధ్యకు పగిలి, లోపలి పచ్చిపిండి పెనం మీదికి జారుతుంది. జొన్నలో గ్లూటెన్ ఉండదు కాబట్టి పట్టు తక్కువే. అయినా మైదా వద్దు, ఆ విషయంలో నేను గట్టిగా ఉన్నాను.

నానబెట్టిన అవిసెగింజల పొడి కలిపితే పట్టు వస్తుందా? మజ్జిగ పులుపు తగలగానే సోడా పొంగుతుంది కదా, మరి పిండి ముందే నానబెట్టి సోడా చివర్లో వేయాలా? మాది ఇనుప పెనం. మంట ఎంత ఉండాలి? చేసి చూసినవాళ్లు కొలతలతో చెప్పండి, ప్లీజ్.