అండలూసీ నూబాను గంటకు కుదిస్తే మిగిలేది సంప్రదాయమేనా?

ప్రశ్న (పాలమూరు శ్రోత):
మహబూబ్‌నగర్‌లో మేము కొందరు సంగీతాభిమానులం నెలకొకసారి సాయంత్రం పూట కలుసుకొని, మనకు పరిచయం లేని ఏదో ఒక సంప్రదాయాన్ని వింటుంటాము. ఈసారి ఒకప్పటి ముస్లిం స్పెయిన్ (అండలూస్) నుండి వచ్చిన, మొరాకోలో ‘అల్-ఆలా’ అని పిలిచే అరబ్-అండలూసీ సంగీతాన్ని ఎంచుకున్నాము. ఒక నూబా (ఒకే రాగాన్ని ఆధారంగా చేసుకొని వరుసగా కూర్చిన పాటల మాల) పూర్తిగా పాడితే ఆరేడు గంటలు పడుతుందని చదివాను. నేటి బృందాలు మాత్రం గంట, గంటన్నరలో ముగిస్తున్నాయి. కొన్ని రికార్డింగులలో పియానో కూడా వినిపిస్తోంది. ఇంత మార్పు జరిగాక దీనిని సంప్రదాయమనవచ్చా? మేము ఏ భాగం వినాలి?

జవాబు (దేవరకొండ నుండి):
పాలమూరు మిత్రులకు నమస్కారం. మొరాకో నూబాలో బసీత్, ఖాయిమ్ వ నిస్ఫ్, బతాయిహీ, దర్జ్, ఖుద్దామ్ అని ఐదు మీజాన్‌లు, అంటే ఐదు తాళాల విభాగాలు ఉంటాయి. ప్రతి మీజాన్‌ చాలా విలంబంగా మొదలై, పాట వెంట పాటగా వేగం పుంజుకొని, ద్రుతంలో ముగుస్తుంది. మన ఊళ్లలో భజన తెల్లవారే వేళకు ఊపందుకునే తీరు తెలిసినవారికి ఇది వెంటనే పట్టుబడుతుంది. అందువల్ల కుదించడం తప్పు కాదు గాని, ఎక్కడ కోస్తున్నారన్నది ముఖ్యం. ఐదు మీజాన్‌ల నుండి చివరి ద్రుత భాగాలను మాత్రమే ఏరి గుదిగుచ్చిన కచేరీకి చప్పట్లు బాగానే పడతాయి. కాని ఆ వేగం ఎక్కడి నుండి పుట్టిందో శ్రోతకు తెలియదు. ఒకే నూబాలోని ఒకే మీజాన్‌ను మొదటి నుండి చివరి దాకా వినండి. మొదటి పావుగంట ఓపిక పట్టవలసి వస్తుంది, పట్టండి. కమానుతో వాయించే రెండు తీగల రబాబ్‌నూ, మోకాలిపై నిలువుగా నిలిపి వాయించే వయొలిన్‌నూ, చిన్న కంజిర వంటి ‘తార్’నూ విడివిడిగా గుర్తుపట్టగలిగేది ఆ విలంబ భాగంలోనే.

జవాబు (మిర్యాలగూడ నుండి):
పియానో గురించి ఒక మాట. ఉత్తర మొరాకో నగరమైన తెతువాన్ బృందానికి నాయకత్వం వహించిన మొహమ్మద్ లార్బీ తెంసమానీ దానిని ఈ సంగీతంలోకి తెచ్చినవారిలో ముఖ్యులు. మొరాకో బాణీలో పావుస్వరాలు (పియానో మెట్ల మధ్య పడే సూక్ష్మ స్వరాలు) దాదాపు లేవు కాబట్టి పియానో అక్కడ ఇమిడిపోయింది. పావుస్వరాలున్న ట్యునీషియా మాలూఫ్‌లో (ఇదే అండలూసీ సంగీతానికి అక్కడి శాఖ) అదే వాద్యం రాగస్వరూపాన్నే దెబ్బతీస్తుంది. ఇక కుదింపు కంటె పెద్ద నష్టం ఎప్పుడో జరిగిపోయింది. 1492లో స్పెయిన్‌లోని చివరి ముస్లిం రాజ్యమైన గ్రనడా పతనమైన తర్వాత, 1609 నుండి మొరిస్కోలను (క్రైస్తవంలోకి మార్చబడిన అక్కడి ముస్లింలను) వెళ్లగొట్టినప్పుడు, ఈ పాటలు వలస వచ్చినవారి కంఠాలలోనే ఉత్తర ఆఫ్రికాకు చేరాయి. 1800 ప్రాంతంలో తెతువాన్‌కు చెందిన అల్-హాయిక్ సంకలనం చేసినది సాహిత్యాన్ని; స్వరాలు గురువు నోటి నుండి శిష్యుని చెవికి అందినవే. మొరాకోలో నేడు మిగిలినవి 11 నూబాలు. వాటిని అక్కడి సాంస్కృతిక మంత్రిత్వ శాఖ 73 సీడీలుగా రికార్డు చేయించింది కనుక పూర్తి రూపం ఎక్కడికీ పోలేదు. ఆ భరోసా ఉన్నప్పుడు గంట కచేరీని నేను తప్పుపట్టను.

పాలమూరు శ్రోత:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మేము కూర్చునేది సాయంత్రం కనుక ఏ నూబా తీసుకోమంటారు?

దేవరకొండ నుండి:
అల్-మాయా తీసుకోండి, దానిని సూర్యాస్తమయ వేళకు చెందినదిగా భావిస్తారు. అందులోని బసీత్ మీజాన్ పెట్టండి. పాటల భావాన్ని తెలుగులో ఒక కాగితంపై రాసి ముందుగానే అందరికీ పంచితే, ఆ విలంబ భాగంలో ఎవరూ లేచి వెళ్లరు.