బొగ్గుల గ్రిల్ మీద పిజ్జా: అడుగు మాడుతోంది, చీజ్ కరగట్లేదు

ప్రశ్న: మూత ఉన్న గ్రిల్, పైన పిజ్జా రాయి. 3 నిమిషాలకే అడుగు నల్లబడుతోంది, చీజ్ మాత్రం అలాగే ఉంటోంది. ఎక్కడ తేడా వస్తోందండీ?

జవాబు: నిప్పులన్నీ రాయి కిందే ఉన్నట్టున్నాయి. వాటిని ఓ పక్కకు నెట్టి, రాయిని రెండో పక్క పెట్టి, మూతవేసి అరగంట కాగనివ్వండి. మూత మీది గాలి రంధ్రం రాయి వైపు ఉండాలి. వేడిగాలి పిజ్జా మీదుగా పోతుంది. చల్లటి రాయిని మండే నిప్పుల మీద పెట్టకండి, పగులుతుంది.

జవాబు: రాయి లేకపోయినా బ్రహ్మాండంగా వస్తుంది. 250 గ్రాముల మైదాకు 150 మిల్లీలీటర్ల నీళ్లు, 5 గ్రాముల ఉప్పు, 2 గ్రాముల ఈస్ట్. పొంగిన పిండిని పల్చగా సాగదీసి, నూనె రాసి నేరుగా జాలీ మీదే వేయండి. బుడగలు లేచి, అడుగున గోధుమరంగు చారలు పడగానే తిరగేసి, కాలిన వైపు సాస్, చీజ్ వేసి, నిప్పుల్లేని పక్కకు జరిపి మూతేయండి.

జవాబు: సాస్ పల్చగా ఉంటే నడుమ ముద్దవుతుంది. 2 చెంచాలు చాలు.