కడక్‌నాథ్ పుంజుకి, నాటు పెట్టకి పుట్టిన పిల్లల్లో పుంజులు తెల్లతోలుతో వచ్చాయి. నా పుంజు కల్తీదా?

తణుకు పెరడు:
నిరుడు నాలుగు వేలు పోసి కడక్‌నాథ్ పుంజుని కొన్నాను. జుట్టు, నాలుక, గోళ్ళు అన్నీ నలుపే. ఇంట్లో ఉన్న డేగ (ఎర్ర ఈకల) పెట్టతో వదిలాను. పది గుడ్లు పొదగేస్తే తొమ్మిది పిల్లలు దిగాయి. ఇప్పుడు మూడు నెలలవి. ఐదింటికి కాళ్ళు, తోలు, నోరు అంతా నలుపు. నాలుగింటికి కాళ్ళు పసుపు పచ్చగా ఉన్నాయి, ఈకలు విడదీసి చూస్తే తోలు తెల్లగా, అక్కడక్కడా బూడిద మచ్చలతో ఉంది. నల్లవి ఐదూ పెట్టలే, తెల్లవి నాలుగూ పుంజులే! అమ్మినాయనకు ఫోన్ చేస్తే, మీ పెట్టని వేరే పుంజు తొక్కి ఉంటుందన్నారు. మా పెరట్లో ఇంకో పుంజే లేదు. నేను మోసపోయానా?

పాత గంప, సూర్యాపేట:
మోసపోయారు తమ్ముడూ. పదిహేనేళ్ళుగా కడక్‌నాథ్ పెంచుతున్నాను, నా గంప కింద తెల్లతోలు పిల్ల ఒక్కటీ పుట్టలేదు. ఆ పుంజు వెనక ఎక్కడో బ్రాయిలర్ రక్తం ఉంది. డబ్బు తిరిగి అడగండి.

నంద్యాల మాస్టారు:
అన్నా, మీ గంప కింద తల్లి కూడా కడక్‌నాథే కదా. ఇక్కడ తల్లి వేరు, అసలు సంగతి తల్లి దగ్గరే ఉంది. తణుకు వారూ, మీ డేగ పెట్ట కాళ్ళు ఏ రంగు?

తణుకు పెరడు:
పసుపు పచ్చ.

నంద్యాల మాస్టారు:
అయితే మీ పుంజుని అనుమానించాల్సిన పని లేదు. ఇక్కడ రెండు జన్యువులు పనిచేస్తున్నాయి. ఒకటి కండ దాకా నలుపు ఎక్కించేది, 20వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వచ్చినా చాలు. రెండోది తోలులో ఆ నలుపుని అడ్డుకునేది. పసుపు, తెల్ల కాళ్ళ కోళ్ళకు మామూలుగా ఇది ఉంటుంది, కడక్‌నాథ్‌కి ఉండదు. ఇది ఆడా మగా తేల్చే జెడ్ క్రోమోజోమ్ మీద ఉంది. కోళ్ళలో పుంజుకి రెండు జెడ్‌లు, పెట్టకి ఒకటే. పెట్ట తన జెడ్‌ని కొడుకులకే ఇస్తుంది, కూతుళ్ళకి ఇవ్వదు. మీ డేగ పెట్ట ఆ అడ్డుని కొడుకులకి ఇచ్చింది, వాళ్ళు తెల్లబడ్డారు. కూతుళ్ళకి జెడ్ తండ్రి నుంచే వచ్చింది, అడ్డు లేదు కాబట్టి నలుపు నిలిచింది. 1911లో ఇంగ్లండ్‌లో జన్యు శాస్త్రవేత్తలు బేట్సన్, పన్నెట్ సిల్కీ కోళ్ళ (పట్టులాంటి ఈకలున్న మరో నల్లతోలు జాతి) గురించి రాసింది ఈ సంగతే.

ఇంకో మాట. పుంజు సగం జాతిదై ఉంటే దాని నలుపు జన్యువు సగం పిల్లలకే అందుతుంది, కాబట్టి కూతుళ్ళలో సగం తెల్లగా రావాలి. ఐదుకి ఐదూ నల్లగా రావడానికి 32లో ఒక్క అవకాశమే.

పాత గంప, సూర్యాపేట:
లెక్క బాగుంది మాస్టారూ, కానీ ఐదు పిల్లలతో పుంజుకి సర్టిఫికెట్ ఇస్తారా? 32లో ఒకటి అంటే జరగనిదేం కాదు. పైగా సిల్కీ కలిసినా నల్లగానే పుడతాయి.

నంద్యాల మాస్టారు:
ఒప్పుకుంటాను, ఐదు చాలవు. సిల్కీ అనుమానం ఉంటే పుంజు వేళ్ళు లెక్కపెట్టండి. కడక్‌నాథ్‌కి కాలికి నాలుగు, సిల్కీకి ఐదు. ఐదో వేలు ఉంటే కలిసినట్టే. లేనంత మాత్రాన కలవలేదని చెప్పలేం, కల్తీ పిల్లల్లో కొన్నిటికి ఆ వేలు రాదు.

ఖమ్మం షెడ్డు:
ఇంత గొడవెందుకండీ. ఆ ఐదు పెట్టల్ని కడక్‌నాథ్ అని అమ్మేయండి. కొనేవాళ్ళు నలుపు చూసే కదా డబ్బిస్తారు.

పాత గంప, సూర్యాపేట:
ఈ మాట వింటేనే కడుపు మండుతుంది. మధ్యప్రదేశ్‌లోని ఝాబువా భిల్లులు తరతరాలుగా కాపాడుకున్న జాతి అది, 2018లో ఝాబువా కడక్‌నాథ్ మాంసానికి జీఐ (ఫలానా ప్రాంతానిదే అనే) గుర్తింపు కూడా వచ్చింది. పెరటి సంకరాన్ని ఆ పేరుతో అమ్మితే, కొన్నాయన వాటి గుడ్లు పొదగేసుకుని రేపు మీ తలుపే కొడతాడు.

నంద్యాల మాస్టారు:
ఇందులో నేను మీ పక్షమే అన్నా. ఆ ఐదు పెట్టల్ని ఈ తెల్ల పుంజులతోనే కలిపితే పిల్లల్లో ఎనిమిదికి మూడే నల్లగా వస్తాయి. సంకరం అని చెప్పి అమ్మండి, కూరకి కొనేవాళ్ళు కొంటారు.

తణుకు పెరడు:
వేళ్ళు చూశాను, నాలుగే. పక్కింటి పిన్నిగారి దగ్గర బూడిద కాళ్ళ పెట్ట ఒకటుంది. దానితో వదిలితే పుంజు సంగతి తేలుతుందా?

నంద్యాల మాస్టారు:
తేలుతుంది. దానికి ఆ అడ్డు లేకపోతే, పుంజు స్వచ్ఛమైనదైతే, ఆడా మగా అన్నీ నల్లగానే రావాలి. కానీ ముందు ఆ పెట్టని నాలుగు వారాలు ఒంటరిగా ఉంచండి. పాత పుంజు విత్తనం పెట్ట కడుపులో రెండు మూడు వారాలు నిలుస్తుంది. ఆ గుడ్లు పొదగేస్తే మళ్ళీ తండ్రెవరన్న గొడవే.

తణుకు పెరడు:
ఇవాళే విడిగా గంప కింద మూశాను.