ఏడేళ్ళ బాబు, పదకొండేళ్ళ పాపతో డాన్యూబ్ ఒడ్డున సైకిల్ టూర్: రోజుకి ఎంత దూరం పెట్టుకోవచ్చు?

కరకంబాడి రోడ్డు (ప్రశ్న):

అందరికీ నమస్తే. మాది తిరుపతి. ఆదివారం తెల్లారి ఐదింటికి గరుడ సర్కిల్ దగ్గర కలిసి బయల్దేరే సైకిల్ గుంపులో నేనూ ఉన్నాను. జూపార్కు రోడ్డు, శ్రీనివాసమంగాపురం, చంద్రగిరి, కోట చూసుకుంటూ ఒక చుట్టు, ఇడ్లీ వడ తిని ఎండెక్కకముందే ఇంటికి. ఈ మధ్యే 200 కిలోమీటర్ల బ్రెవే, అంటే గడువు పెట్టి తొక్కించే దూరపు సైకిల్ యాత్ర, పదమూడున్నర గంటల గడువులోపల పూర్తిచేశాను. ఇంట్లో వాళ్ళకి అప్పటినుంచే సైకిల్ మీద నమ్మకం కుదిరింది. మా ఆవిడ గేర్ల సైకిల్ కొనుక్కుని అవిలాల వైపు రోజూ పొద్దున పోయొస్తోంది. పాపకి పదకొండేళ్ళు, బాగా తొక్కుతుంది. బాబుకి ఏడు. వీధిలో తొక్కుతాడు కానీ మెయిన్ రోడ్డు మీదికి ఇంకా పంపలేదు.

వచ్చే వేసవి సెలవుల్లో నలుగురం కలిసి విదేశంలో సైకిల్ టూర్ చెయ్యాలని చాలాకాలంగా డబ్బు కూడబెడుతున్నాం. జర్మనీలోని పస్సావ్ నుంచి ఆస్ట్రియాలోని వియన్నా దాకా డాన్యూబ్ నది పక్కనే దారి ఉందని, కుటుంబాలు ఎక్కువగా దాన్నే ఎంచుకుంటాయని చదివాను. మొత్తం 300 కిలోమీటర్ల పైచిలుకు. నేను వేసుకున్న లెక్క రోజుకి 80, అంటే నాలుగు రోజులు. తర్వాత వియన్నాలో రెండు రోజులు ఉండి తిరుగు ప్రయాణం.

ఈ 80 సరిపోతుందా? బాబుకి విడిగా సైకిల్ ఇవ్వాలా, నా సైకిల్ వెనక తగిలించుకోవాలా? మన సైకిళ్ళు విమానంలో వేసుకుపోవడం మేలా, అక్కడ అద్దెకి తీసుకోవడం మేలా? వీసా జర్మనీది తీసుకోవాలా, ఆస్ట్రియాదా? మేం మాంసం, గుడ్డు తినం, దాని గురించి కూడా చెప్పండి. పిల్లలతో వెళ్ళొచ్చినవాళ్ళు రాస్తే చాలా మేలు చేసినవాళ్ళవుతారు.

గిరింపేట, చిత్తూరు:

అన్నా, 80 చానా జాస్తి. పెద్దోళ్ళకి సరే, ఏడేళ్ళ పిల్లోడికి కాదు.

నేను డాన్యూబ్ చూడలేదు. ఉద్యోగం మీద జపాన్‌లో ఉన్నప్పుడు ఇంటోళ్ళతో షిమనామి కైదో అనే సైకిల్ దోవ తొక్కినాను. ఒనోమిచి నుంచి ఇమాబరి దాకా, దీవి మీద నుంచి దీవి మీదికి వంతెనలు దాటుకుంటా పోవచ్చు. 1999లో వంతెనలన్నీ కలిసినాయి. మొత్తం 70 కిలోమీటర్లు ఉండాది. దోవ తప్పకుండా రోడ్డు అంచున నీలం గీత గీసి పెట్టినారు, బిడ్డోళ్ళు ఆ గీత పట్టుకుని పోతానే ఉంటారు. ఒక ఊర్లో అద్దెకి తీసుకున్న సైకిల్ ఇంకో ఊర్లో ఇచ్చేయొచ్చు. మీకు ముఖ్యంగా పనికొచ్చే మాట ఏందంటే, జపాన్‌లో మనలాగే ఎడమ పక్క పోతారు. యూరప్‌లో కుడి పక్క. చిన్నోళ్ళకి పక్క మారడం అంత సులువు కాదు. డాన్యూబే అనుకుంటే ఈ సంగతి ముందే ఆలోచించుకోండి.

మంగళం, తిరుపతి:

అన్నా, మేం పస్సావ్ నుంచి వియన్నాకి పిల్లలతోనే వెళ్ళాం. అప్పుడు మా పాపకి పది, బాబుకి ఎనిమిది. కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను.

నేను కాలేజీలో పాఠాలు చెబుతాను. మా గుంపులో నా పని ఆఖరున ఉండడం. అందరికంటే వెనకబడ్డ మనిషి వెనకాల నేనుంటాను. పంచరైనా, గొలుసు ఊడినా, కొత్తవాళ్ళు భయపడినా దగ్గరుండి చూసుకుంటాను. ఆ చోటు నుంచి చూస్తే ఒక సంగతి బాగా తెలుస్తుంది. ముందు పోయినవాళ్ళు చంద్రగిరిలో పది నిమిషాలు ఆగి కబుర్లు చెప్పుకుంటారు. వెనకున్న మనిషి రొప్పుకుంటూ వచ్చి కాలు కింద పెట్టేసరికి, "అందరూ వచ్చేశారు కదా, పోదామా" అంటారు. అంటే బాగా అలిసిన మనిషికే విశ్రాంతి లేకుండా పోతుంది. ఆ మనిషి రెండు ఆదివారాలు వచ్చి, మూడో ఆదివారం ఫోన్ ఎత్తదు. పెద్దవాళ్ళే అలా మానేస్తుంటే, ఏడేళ్ళ పిల్లాడు సెలవు మొత్తం అలా గడిపితే మళ్ళీ సైకిల్ ముట్టుకుంటాడా?

అందుకే మేం బయల్దేరేముందే ఒక మాట అనుకున్నాం. బాబు వచ్చి దిగి, నీళ్ళు తాగి, కూర్చున్నాకే మా విశ్రాంతి లెక్క మొదలు. మళ్ళీ ఎప్పుడు బయల్దేరాలో కూడా వాడే చెప్పాలి. మొదట్లో మా ఆయనకి ఇది కష్టమైంది. ఆయనకి బ్రెవేల అలవాటు, ఒక చెక్‌పోస్ట్ దాటితే మనసు అప్పుడే తర్వాతి దాని మీద ఉంటుంది. దారి మధ్యలో వచ్చే లింజ్ ఊరు దాటేసరికి ఆయన కూడా గడియారం బ్యాగులో వేసేశారు.

దూరం మాకు రోజుకి 35 నుంచి 40 సరిపోయింది. నది దిగువకి పోతారు, దారి దాదాపు చదునే, గాలి కూడా ఎక్కువగా పడమటి నుంచి వీస్తుంది కాబట్టి వీపున తోస్తుంది. అయినా 40 దాటించకండి. కాళ్ళు అలిసిపోతాయనే కాదు, దారిలో చూడాల్సినవి ఉన్నాయి. ష్లోగెన్ దగ్గర నది కొండలకి తగిలి వెనక్కి తిరిగినట్టు పెద్ద మెలిక తిరుగుతుంది. అక్కడ సైకిళ్ళనీ మనుషులనీ ఎక్కించుకునే చిన్న పడవలున్నాయి. మా పిల్లలకి మొత్తం టూర్‌లో వియన్నా కంటే ఆ పడవే ఎక్కువ గుర్తుంది. రోజుకి 80 పెట్టుకుంటే పడవ కోసం ఆగే తీరిక కూడా ఉండదు.

మెల్క్ నుంచి క్రెమ్స్ దాకా 40 కిలోమీటర్లలోపే, దాన్ని వాఖావ్ లోయ అంటారు. 2000లో యునెస్కో వారసత్వ స్థలాల్లో చేర్చారు. ఆ ముక్కకి రెండు రోజులివ్వండి. కొండవాలంతా రాతి గోడలు కట్టి మెట్లు మెట్లుగా ద్రాక్షతోటలు. మెల్క్‌లో నది మీదికి చూస్తున్నట్టు కట్టిన పెద్ద మఠం ఉంది, 1089 నుంచి అక్కడ సన్యాసులు ఉంటున్నారు. అక్కడి నుంచి ఉత్తరపు ఒడ్డుకి మారితే విల్లెండోర్ఫ్, స్పిట్జ్, డూర్న్‌స్టైన్ వరసగా వస్తాయి. విల్లెండోర్ఫ్‌లో 1908లో రాతియుగపు స్త్రీమూర్తి దొరికింది. అరచేతిలో పట్టేంత బొమ్మ. దొరికిన చోటు ముందు చూపించి, తర్వాత వియన్నాలోని నేచురల్ హిస్టరీ మ్యూజియంలో అసలు బొమ్మ చూపిస్తే, పాప అద్దం ముందు నుంచి కదల్లేదు. డూర్న్‌స్టైన్ కొండమీది పాడుబడ్డ కోటలో ఇంగ్లండు రాజు రిచర్డ్‌ని 1192లో ఖైదు చేశారు. చంద్రగిరి కోట చూసి పెరిగిన పిల్లలకి ఆ ఎక్కుడు ఒక లెక్క కాదు, నాకంటే ముందే పైన ఉన్నారు.

లింజ్ దాటాక మౌత్‌హౌసెన్ వస్తుంది. అక్కడ కొండమీద నాజీలు 1938లో పెట్టిన నిర్బంధ శిబిరం ఇప్పుడు స్మారకస్థలంగా ఉంది. పిల్లల్ని వాళ్ళ నాన్న దగ్గర నది ఒడ్డున వదిలి నేనొక్కదాన్నే వెళ్ళాను. మీ పాపకి పదకొండేళ్ళు కాబట్టి ఎంతవరకు చెప్పాలో మీరే ఆలోచించుకోండి. ఆ దారిన పోతూ చూడకుండా పోవడం మాత్రం నాకు మనసొప్పలేదు.

సైకిళ్ళు అక్కడే అద్దెకి తీసుకోండి. పస్సావ్‌లో తీసుకుని వియన్నాలో ఇచ్చేసే ఏర్పాటు ఉంటుంది, బ్యాగులు ఒక హోటల్ నుంచి ఇంకో హోటల్‌కి చేర్చే సేవ కూడా ఉంటుంది. కానీ బ్రేకుల సంగతి తెలుసుకుని వెళ్ళండి. మనకి ఎక్కువగా కుడిచేతి బ్రేకు ముందు చక్రానిది, అక్కడ ఎడమచేతిది. పైగా అద్దె సైకిళ్ళలో చాలావాటికి పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకు ఉంటుంది. అద్దె షాపు ముంగిట్లో మా పాప అలవాటు కొద్దీ పెడల్‌ని కాలి వేళ్ళతో వెనక్కి తిప్పి పైకి తెచ్చుకోబోయింది. అది కదల్లేదు. సైకిల్ పాడైపోయిందేమోనని బిక్కమొహం వేసింది. షాపతను వచ్చి, వెనక చక్రాన్ని కొంచెం ఎత్తి పెడల్ ముందుకి తిప్పి పైకి తేవాలని చేసి చూపించాడు. ఆ మధ్యాహ్నమంతా ఎక్కడికీ పోకుండా అక్కడి ఖాళీ జాగాలోనే తొక్కించాం. ఎక్కడం, ఆపడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. మీరు కూడా మొదటి పూట దానికే వదిలేయండి. వెనక్కి తొక్కే బ్రేకు లేని సైకిలే కావాలంటే బుక్ చేసేటప్పుడే రాయాలి.

బాబు సంగతికొస్తే, పిల్లల సైకిల్ ముందు చక్రాన్ని పైకెత్తి పెద్ద సైకిల్ వెనక తగిలించే ఇనుప చట్రం ఉంటుంది, అది అడగండి. ఊళ్ళలో, కార్లు తిరిగే చోట తగిలించుకోవచ్చు. నది పక్కన ఖాళీ దారి వస్తే విప్పేసి వాడి సైకిల్ వాణ్ణే తొక్కుకోనివ్వొచ్చు. పొద్దస్తమానం వెనక తగిలించి లాక్కుపోతే పిల్లాడికి అది సైకిల్ టూర్ అనిపించదు.

కరకంబాడి రోడ్డు:

అక్కా, ఇంత ఓపిగ్గా రాసినందుకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. ఆఖరి మనిషికి విశ్రాంతి ఉండదన్న మాట మా ఆవిడకి చదివి వినిపించాను. "అదే కదా నేను ఎప్పటినుంచో చెబుతున్నది" అంది. నాలుగు రోజుల లెక్క తీసేసి తొమ్మిది రోజులకి మార్చేశాను, అందులో ఒకరోజు మెల్క్‌లో పూర్తిగా ఖాళీ. వీసా, తిండి గురించి తెలిసినవాళ్ళు ఇంకా చెప్పగలరా? మా సెలవులు జూన్ మొదటివారం దాకానే, కాబట్టి మే చివర్లో బయల్దేరాలి.

తిరుచానూరు, ఇప్పుడు లింజ్:

నేను పుట్టి పెరిగింది తిరుచానూరు. ఉద్యోగం వల్ల లింజ్‌లో ఉంటున్నాను. మీరు చెప్పే దారి మా ఇంటికి దగ్గరే, సాయంత్రాలు దానిమీదే తొక్కుతుంటాను.

వీసా ఏ దేశంలో ఎక్కువ రాత్రులుంటే ఆ దేశం నుంచి తీసుకోవాలి. మొదటి రాత్రి పస్సావ్‌లో ఉన్నా మిగతావన్నీ ఆస్ట్రియాలోనే కదా, కాబట్టి ఆస్ట్రియాకి అప్లై చేయండి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చేసుకోవచ్చు. వేసవికి రద్దీ ఎక్కువ, జనవరిలోనే అపాయింట్‌మెంట్ చూసుకోండి. పెద్దవాళ్ళకి ఫీజు 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ళలోపు పిల్లలకి 45. కనీసం 30,000 యూరోల వైద్యఖర్చులకి సరిపడే ప్రయాణ బీమా తప్పనిసరి. పన్నెండేళ్ళలోపు పిల్లల వేలిముద్రలు తీసుకోరు. పాపకి మధ్యలో పన్నెండు నిండుతాయేమో తేదీ చూసుకోండి.

పన్నెండేళ్ళలోపు పిల్లలకి ఇక్కడ హెల్మెట్ చట్టప్రకారం ఉండాల్సిందే. ఎవరి తలకి అలవాటైనది వాళ్ళు ఇంటినుంచే తెచ్చుకుంటే మంచిది.

తిండికి ఇబ్బంది పడరు, కానీ ఆదివారం షాపులు మూసేస్తారు. మే, జూన్ నెలల్లో ఆరోహణ పండుగ, పెంతెకొస్తు సోమవారం, కార్పస్ క్రిస్టి అని సెలవులు ఒకదాని వెంట ఒకటి వస్తాయి, ఆ రోజులూ అంతే. హోటళ్ళు తెరిచే ఉంటాయి కానీ గదులు నిండిపోతాయి. కాబట్టి ముందు కేలండర్ చూసి, పండగ వారాంతానికి గది ముందే పట్టుకుని, శనివారం సాయంత్రమే రొట్టె, పళ్ళు, పెరుగు కొని పెట్టుకోండి. కుళాయి నీళ్ళు నిక్షేపంలా తాగొచ్చు, సీసాలు కొనక్కర్లేదు. కందిపొడి, పులిహోర పొడి, చిన్న రైస్ కుక్కర్ తెచ్చుకోండి. నెయ్యి మాత్రం వద్దు, బయటి దేశాల నుంచి వచ్చేవాళ్ళు పాల పదార్థాలు తేకూడదు. ఇక్కడి వెన్న కాచుకుంటే సరిపోతుంది. చీజుతో చేసే ష్పెట్స్‌లె అనే వంటకం చూసి మాంసం లేదు కదా అనుకోకండి, అందులో పిండి గుడ్డుతో కలుపుతారు, మీకు పనికిరాదు. వాఖావ్ ఆప్రికాట్లు జూలైలో గానీ పండవు. మీరొచ్చేసరికి జామే దొరుకుతుంది, అదీ చాలా బాగుంటుంది.

వాన గురించి కూడా చెప్పాలి. మే చివర్లో ఒక పూట ఎండ, ఒక పూట చలివాన. మీ పిల్లలు తిరుపతి ఎండకి అలవాటుపడ్డవాళ్ళు, 12 డిగ్రీలకే వణికిపోతారు. రెయిన్ కోటు, చేతి గ్లవుజులు నలుగురికీ ఉండాలి. మరీ పెద్ద వానైతే తొక్కకండి. డాన్యూబ్ పొడవునా చాలా చోట్ల రైలు మార్గం దగ్గర్లోనే ఉంటుంది, లోకల్ రైళ్ళలో సైకిల్‌కి టికెట్ తీసుకుని ఎక్కించొచ్చు. ఎక్స్‌ప్రెస్ రైళ్ళలో అయితే సైకిల్‌కి సీటు ముందే రిజర్వు చెయ్యాలి. ప్రతి రాత్రి పడుకునేముందు మర్నాటి దారిలో ఏ ఏ స్టేషన్లు ఉన్నాయో ఒక కాగితం మీద రాసుకుని పెట్టుకోండి. లింజ్ వచ్చే ముందురోజు ఇక్కడ మెసేజ్ పెడితే, ఊళ్ళోకి వచ్చే వంతెన దగ్గరికి ఎదురొస్తాను. సాయంత్రం మా ఇంట్లో చారన్నం తిని పోదురు.